కోణం మారింది, 'వాడు' మాత్రం మారలేదు



ఈ టపా కొంచెం పొడుగు. ఓపిక ఉన్నవారు చివరిదాకా చదివి, తిట్టదలచుకుంటే అప్పుడు తిట్టండి.

కథలు రాయడం నేర్పుతామనేవారు మన వర్ధమాన రచయితలకు రెండు మందులు ఇస్తున్నారు. ఒకటి పథ్యం: "కథ ఒక్క పాత్ర దృష్టికోణంలోనే సాగాలి, ఒకరి మనస్సులో ఉండగా మరొకరి మనస్సులోకి తొంగిచూడరాదు, చూస్తే అది శిల్పదోషం." రెండవది లేహ్యం: "నవల రాస్తే నలుగురి కోణాలలో రాయండి; అధ్యాయానికొక పాత్ర పేరు శీర్షికగా పెట్టండి; అదే ఆధునికత." కథల పోటీల న్యాయనిర్ణేతలు మొదటి మందు పేరు చెప్పి మంచి కథలను తిప్పి పంపుతున్నారు. నవలాకారులు రెండవ మందు మింగి, అధ్యాయాలకు పేర్లు తగిలించి, పని పూర్తయిందనుకుంటున్నారు.

ఈ రెండు మందులూ ఇంగ్లీషు దుకాణం నుంచి వచ్చినవే. తెలుగు రోగికి తెలుగు నాడి పట్టి చూడాలి గదా! తెలుగులో దృష్టికోణం అధ్యాయ శీర్షికలో ఉండదు. సర్వనామంలో ఉంటుంది, క్రియాంతంలో ఉంటుంది, వరుసపిలుపులో ఉంటుంది. వాటిని మార్చకుండా ఎన్ని తలలలో దూరినా రచయిత తన తలలోంచి అడుగు బయటపెట్టనట్లే. నేను చెప్పదలచినది ఇంతే. ఇక వివరిస్తాను.

ముందు ఆ మొదటి నియమం పుట్టుక చూద్దాం. హెన్రీ జేమ్స్ తన నవలల సంపుటాలకు 1907-09 నడుమ పీఠికలు రాస్తూ, కథనంతటినీ ఒక పాత్ర చైతన్యం గుండా ప్రసరింపజేయడంలోని సొగసును వివరించాడు. అది ఒక గొప్ప రచయిత తన వంటకాన్ని గురించి చెప్పుకున్న ముచ్చట. పెర్సీ లబ్బక్ 1921లో 'ద క్రాఫ్ట్ ఆఫ్ ఫిక్షన్' రాసి ఆ ముచ్చటను శాస్త్రం చేశాడు. ఆరేళ్ళు తిరగకుండానే, 1927లో, కేంబ్రిడ్జి ఉపన్యాసాలలో ఇ.ఎం. ఫార్‌స్టర్ దానికి ఎదురు చెప్పాడు. డికెన్స్ 'బ్లీక్ హౌస్'లో కోణం ఇష్టానుసారం మారుతుందనీ, అయినా పాఠకుణ్ణి ఒప్పించగల సత్తా ఉన్నందువల్ల అది చెల్లిందనీ ఆయన వాదన. 1961లో వేన్ బూత్ 'ద రెటరిక్ ఆఫ్ ఫిక్షన్' రాసి, రచయిత కనిపించకుండా తప్పుకోవడమే ఉత్తమమనే సిద్ధాంతాన్ని గట్టిగా నిలదీశాడు. అంటే ఆ నియమం పుట్టినచోటనే దానికి ఏకాభిప్రాయం లేదు. టాల్‌స్టాయ్ 'అన్నా కరెనినా'లో వేటకు వెళ్ళిన లేవిన్ మనస్సులోంచి అతడి వేటకుక్క లాస్కా మనస్సులోకి కూడా వెళ్ళివస్తాడు. ఏ న్యాయనిర్ణేత ఆయనకు మార్కులు తగ్గిస్తాడు?

మనవైపు చూడండి. భారతకథను జనమేజయుడికి వైశంపాయనుడు చెబుతాడు. దానిని శౌనకాది మునులకు సూతుడు చెబుతాడు. యుద్ధమంతా ధృతరాష్ట్రుడికి సంజయుడు చెబుతాడు. ఇక్కడ గమనించవలసినది కథకుల సంఖ్య కాదు. సంజయుడు కౌరవులను పేర్కొనేటప్పుడు మాటిమాటికీ "నీ కుమారులు" అంటాడు. వినేవాడు తండ్రి, చచ్చేవారు అతడి బిడ్డలు. ఆ ఒక్క సంబంధవాచకం వల్ల పద్దెనిమిది రోజుల యుద్ధం ఒక గుడ్డితండ్రి చెవిలో జరుగుతుంది. వేలమంది పాల్గొన్న ఘట్టానికి కోణం ఎక్కడ అమరిందో చూశారా? శీర్షికలో కాదు, పిలుపులో.

పదహారవ శతాబ్దిలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశాడు. నలకూబరుడి రూపం మణికంధరుడు ధరిస్తాడు. రంభ రూపం కలభాషిణి ధరిస్తుంది. రూపం ఒకరిది, మనస్సు మరొకరిది. ముందు ఒకరి మాటగా విన్నదానికి వెనుక మరొకరి కథనంతో గాని అసలు అర్థం తెలియదు. దృష్టికోణాల మార్పిడిని కథావస్తువుగానే చేసుకున్న కావ్యం మన అరలో ఉండగా, ఒక పాత్రను దాటితే దోషమనే పాఠాన్ని మనం వల్లెవేయడం ఏమి న్యాయం?

ఇక వ్యాకరణం సంగతి. పాత పంతులును గనుక ఇది తప్పదు. భయపడకండి, సూత్రాలు వల్లించను.

"రాముడు తాను వస్తానని చెప్పాడు" అంటాం. కర్త రాముడు, ప్రథమపురుష. కాని 'వస్తాను' ఉత్తమపురుష క్రియ. ఒకే వాక్యంలో బయటివాడి కథనమూ లోపలివాడి గొంతూ కలిసి ఉన్నాయి. 'తాను' అనేది గుమ్మం. 'అని' అనేది గడప. ఆ గడపకు ఇవతల కథకుడు, అవతల పాత్ర. మన భాషలో ఒక మనస్సులోకి వెళ్ళిరావడానికి ఇల్లు పగలగొట్టనక్కరలేదు, ద్వారం కట్టే ఉంది. ఒకే సన్నివేశంలో ఇద్దరి మనస్సులలోకి వెళ్ళినా తెలుగు పాఠకుడు దారి తప్పడు, రచయిత గుమ్మాలు సరిగా వాడితే.

రెండవది ఇంతకంటె ముఖ్యం. ఇంగ్లీషువాడికి 'హీ' ఒక్కటే. దొర వచ్చినా హీ, దొంగ వచ్చినా హీ. మనకు అట్లా కుదరదు. ఆయన, అతడు, అతను, వాడు, వీడు. ఆవిడ, ఆమె, అది. వాటికి తోడు క్రియ: వచ్చారు, వచ్చాడు, వచ్చింది. ఒక మనిషి వీధిలో నడిచి వస్తున్నాడనుకోండి. బడిపిల్లవాడికి "మేష్టారొస్తున్నారు." భార్యకు "ఈయన వస్తున్నారు." తల్లికి "మావాడొస్తున్నాడు." అప్పు ఇచ్చినవాడికి "అదుగో, వస్తున్నాడు." నడిచేది ఒక్కడే. తెలుగువాడు ఈ నలుగురిలో ఎవడో ఒకడు కాకుండా ఆ వాక్యం రాయలేడు. 'నిష్పాక్షిక ప్రథమపురుష కథనం' ఇంగ్లీషులో కొంతవరకు సాధ్యమేమో గాని, తెలుగులో సర్వనామం ఎత్తుకోగానే పక్షం తేలిపోతుంది.

తేలిపోయిన ఆ పక్షం ఎవరిదో మన కథలు తెరిచి చూడండి. భూస్వామి 'ఆయన', పాలేరు 'వాడు'. ఇల్లాలు 'ఆవిడ', అంట్లు తోమే మనిషి 'అది'. ఇవి సంభాషణలలో ఉంటే నేను మాట్లాడను. లోకం అట్లాగే మాట్లాడుతుంది. కథకుడు తన సొంత గొంతుతో అంటున్న మాటలివి. ఏ పాత్ర కోణమూ తీసుకోలేదని ప్రమాణం చేసి చెప్పే కథకుడు అప్పటికే భూస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

ఈ మధ్య ఒక నవల చదివాను. పేరు చెప్పను, నా తగవు మనిషితో కాదు, పద్ధతితో. నలుగురి కోణాలు: పల్లెటూరి ఆసామి, ఆయన భార్య, అమెరికాలో కొడుకు, ఇంటి పాలేరు. అధ్యాయానికొకరి పేరు. అందులోని వాక్యాలు ఎత్తిరాయకుండా, ఆ పద్ధతికి నేనే ఒక నమూనా కట్టి చూపిస్తాను. పేర్లు నేను పెట్టినవే. పాలేరు పేరుతో ఉన్న అధ్యాయం ఇట్లా మొదలవుతుందనుకోండి:

"ఏసోబు గొడ్లసావిడిలో నుండి బయటకు వచ్చాడు. వాడికి ఆకలిగా ఉంది. రాఘవయ్యగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన ముఖంలో ప్రసన్నత లేదని వాడికి అనిపించింది."

శీర్షిక ఏసోబుది. కాని తన ఆకలిని తాను తలచుకుంటూ "వాడికి ఆకలిగా ఉంది" అనుకునే మనిషి ఈ భూమ్మీద ఉన్నాడా? తనను తాను 'వాడు' అనుకునేవాడు ఎక్కడా ఉండడు. ఆ 'వాడు' రాఘవయ్యగారిది. 'ప్రసన్నత' మాబోటి తెలుగు పంతుళ్ళది. ఏసోబుకు ఆ అధ్యాయంలో మిగిలినది పేరొక్కటే. ఇప్పుడు ఇది చూడండి:

"ఏసోబు సావిట్లోంచి బయటికొచ్చాడు. పొద్దున తాగిన గంజి ఎప్పుడో అరిగిపోయింది. కామందు అరుగు మీదున్నాడు. మొహం మాడ్చుకున్నాడంటే ఇవాళ జీతం మాటెత్తి లాభం లేదు. రేపడగాలి. నిన్న కూడా తాను రేపే అనుకున్నాడు."

ఇందులో పెద్ద శిల్పమేమీ లేదు. 'వాడు' పోయింది, తెలుగులో సర్వనామం లేకుండానే వాక్యం నడుస్తుంది గనుక లోటు తెలియలేదు. 'రాఘవయ్యగారు' పోయి 'కామందు' వచ్చాడు. 'ఉన్నారు' పోయి 'ఉన్నాడు' వచ్చింది. 'రు' స్థానంలో 'డు'. ఆ ఒక్క అక్షరం మార్చడానికి నలుగురి కోణాల నవలాకారుడికి చెయ్యి రాలేదు. ఎదురుగా చేతులు కట్టుకుని "అయ్యగారూ" అనే మనిషి మనస్సులో కూడా "అయ్యగారూ" అనే అంటాడని ఎవరు చెప్పారు? మనస్సులో సైతం అతడి చేత చేతులు కట్టించినది కామందు కాదు, రచయిత.

ఆ ఇల్లాలి అధ్యాయమూ అంతే. అందులో భర్తను మొదటి నుంచి చివరిదాకా 'రాఘవయ్య' అని రాస్తే ఎట్లా ఉంటుంది? ఆ తరపు ఇల్లాలు మగని పేరు నోటితో పలకదు, మనస్సులో పలుకుతుందా? 'ఈయన' అనుకుంటుంది, 'అబ్బాయి వాళ్ళ నాన్న' అనుకుంటుంది, విసిగినప్పుడు 'ఈ మనిషి' అనుకుంటుంది. 'ఈయన' నుంచి 'ఈ మనిషి' దాకా నలభై ఏళ్ళ కాపురం ఉంది. అది రాయగలిగితే ఆమె అధ్యాయానికి పేరు పెట్టనక్కరలేదు. అమెరికా కొడుకుకు ఆయన 'నాన్న'. ఆ మాట కూడా రాయకపోతే అతడినెందుకు అంత దూరం పంపినట్లు?

బడిలో ఉన్న రోజులలో నేనొక అభ్యాసం ఇచ్చేవాణ్ణి. ఏకలవ్యుడి కథ చెప్పి, దానిని ఏకలవ్యుడి వైపు నుంచి రాయమనేవాణ్ణి. చాలామంది పాఠాన్నే తిరగరాసేవారు. తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకతె రాసినది మాత్రం నాకు ఇప్పటికీ జ్ఞాపకం. బొమ్మ చేసుకుని విద్య నేర్చుకున్నంతవరకు "మా గురువుగారు" అని రాసింది. బొటనవేలు అడిగినచోట "ఆయన" అయింది. వేలు తెగిన తర్వాత, ఆఖరి వాక్యంలో, "వాళ్ళ గురువుగారు వెళ్ళిపోయారు" అని ముగించింది. 'మా' నుంచి 'వాళ్ళ'కు. దృష్టికోణమనే మాట ఆ పిల్ల విని ఉండదు. గౌరవవాచకం చెక్కుచెదరలేదు, సంబంధం తెగిపోయింది. ఏకలవ్యుడి కోపం ఎంతదో ఆ రెండక్షరాలు చెప్పాయి.

దీనికి కొందరు మూడు అభ్యంతరాలు చెబుతారు. నేనే చెప్పి జవాబిస్తాను.

"అయితే ప్రతి పాత్ర ఆలోచనా యాసలో రాయాలా? పాఠకుడు ఎట్లా చదువుతాడు?" యాస తప్పనిసరి అని నేననలేదు. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో కథనమంతా చిత్తూరు పల్లె మాటలోనే సాగించాడు. చదివినవారెవరూ అర్థం కాలేదని మూలకు పెట్టలేదు. మరొకవైపు కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఉంది. అందులో కథనం చాలావరకు శిష్టభాషే. కాని అడవిని చూసేది పందులు మేపే ముసలివాడి కన్ను. జంతువు నడకను, అలికిడిని అతడు కనిపెట్టినట్లు మనం కనిపెట్టలేం. యాస ఒక దారి, గమనించే తీరు మరొక దారి. రెండూ లేకుండా పేరొక్కటే పెట్టడం దారి కాదు. మాటలకు గుర్తులు పెట్టి లోపల యాస కురిపించి, గుర్తులు ముగియగానే పాత్ర చేత మా ఉపవాచకం భాషలో ఆలోచింపజేసే అలవాటు మనలో పాతుకుపోయింది. నోటికి యాస ఇచ్చి, బుద్ధికి మాత్రం మన భాష తొడగడమంటే, ఆ భాషలో బుద్ధి పుట్టదని చెప్పడమే కదా! గురజాడ 'కన్యాశుల్కం'లో మధురవాణికీ గిరీశానికీ రామప్పంతులుకూ ఎవరి పలుకుబడి వారికి ఇచ్చి శతాబ్దం దాటింది. నాటకంలో నోళ్ళకు దక్కిన న్యాయం నవలలో మనస్సులకు ఇంకా దక్కలేదు.

"పాలేరు మనస్సులో నిజంగానే గౌరవం ఉండవచ్చు గదా?" ఉండవచ్చు. భయమూ ఉండవచ్చు, ప్రేమా ఉండవచ్చు. అప్పుడు 'ఆయన' అనే రాయండి. కాని ఆలోచించి, ఏరుకుని రాయండి. అలవాటు చొప్పున పడిన 'ఆయన'కూ, ఆ మనిషి మనస్సులోంచి వచ్చిన 'ఆయన'కూ తేడా పాఠకుడికి తెలుస్తుంది. ఈ పేజీలో 'ఆయన' అన్నవాడు నాలుగు పేజీల తర్వాత, జీతం ఎగ్గొట్టిన నాడు, ఏమంటాడు? ఆ మార్పు రాయడమే కథ.

"మరి కోణాలు ఎన్నైనా మార్చవచ్చా?" అవసరమైతే ఎన్నైనా. ఫాక్నర్ 1930లో 'ఆజ్ ఐ లే డయింగ్'లో పదిహేనుమంది చేత చెప్పించాడు. అందులో చనిపోయిన తల్లి కూడా ఒకతె. అవసరం లేకపోతే ఒక్కసారి మార్చినా ఎక్కువే. గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది. కథ ఆసాంతం గోపాలరావు వెంటే నడుస్తుంది. కమలిని ఉత్తరం ఉంటుంది, ఆమె ఉండదు. అసలామె మంచం కిందనే ఉందని చివరి నవ్వుతో గాని తెలియదు. మధ్యలో ఒక్క వాక్యం పాటు మంచం కిందికి వంగి ఆమె మనస్సులోకి తొంగిచూసి ఉంటే కథ అక్కడికక్కడే కూలిపోయేది. గురజాడ అక్కడ ఒకే కోణానికి కట్టుబడినది లబ్బక్ శాస్త్రం చదివి కాదు. అది మరి పదకొండేళ్ళకు గాని వెలువడలేదు. మగవాడి బెంబేలు పాఠకుడికి కూడా పట్టుకోవాలంటే ఆడమనిషి కనబడకూడదు. అది అవసరం. నియమం అవసరం నుంచి పుట్టాలి గాని, అవసరం నియమం నుంచి పుట్టదు.

రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్యను విడిచి దూరం వెళ్ళడు. నవీన్ 'అంపశయ్య'లో ఒక విద్యార్థి ఒక్కరోజు మనస్సును నవలంతా పరిచాడు. అవి ఒక్క కోణంలో ఉన్నందువల్ల గొప్పవి కాలేదు. ఆ ఒక్క మనస్సుకు తనదైన పలుకు దొరికినందువల్ల గొప్పవైనాయి. నలుగురి కోణాలు కావాలనుకునేవారు అదే పని నాలుగుసార్లు చేయాలి. కష్టమంటారా? కష్టమే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని నలుగురి చేతా అనిపించడం మాత్రం కష్టం కాదు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

కనుక పోటీల న్యాయనిర్ణేతలకు ఒక మనవి. కథలో కోణం ఎన్నిసార్లు మారిందని వేళ్ళు మడవకండి. మారినచోట పిలుపు మారిందా లేదా చూడండి. నవలాకారులకు మరొక మనవి. మీ అధ్యాయాల మీద పేర్లు చేత్తో మూసి చదవండి. ఎదుటివారిని ఏమని అనుకుంటున్నారో దానిని బట్టి ఆ మనస్సు ఎవరిదో తెలియాలి. తెలిసిందా, ఇక ఆ పేరుతో పని లేదు, కొట్టేయండి. తెలియలేదా, ఆ నలుగురినీ ఇంటికి పంపి మీ ఒక్కరి పేరుతోనే రాసుకోండి. అందులో నిజాయితీ అయినా మిగులుతుంది.

పాలేరును నవలలోకి ఆహ్వానించి, అధ్యాయం రాసిచ్చి, అందులో కూడా అతడిని 'వాడు' అనడం మర్యాద కాదు.

విభేదించేవారు ఉంటే వ్యాఖ్యలలో తప్పక రాయండి. ఉదాహరణతో రాస్తే మరీ సంతోషం.

స్వస్తి.